పులి-మేక ఆటకు కోడ్ రాస్తుంటే పులి వంకరగా దూకుతోందా?

కోడింగ్ సాధనకని చాలామంది నేరుగా చదరంగం మీద పడతారు. నన్నడిగితే పులి-మేక మేలు. 3 పులులు, 15 మేకలు, 23 చుక్కలు. పులి మేక మీంచి దూకి దాన్ని తింటుంది, మేకలు పులుల్ని కదలకుండా కట్టేస్తాయి. కడప బండ మీద సుద్దముక్కతో గీసుకుంటే ఆట సిద్ధం. కోడ్‌లోకి దించేటప్పుడే చిక్కులొస్తాయి.

పులి మలుపు తిరిగి దూకుతోంది

కారణం: "పక్క చుక్కలో మేక, దాని పక్కది ఖాళీ అయితే దూకు" అని రాసుంటారు. పైకొన మీద మేక ఉంటే పులి ఒక ఏటవాలు గీత ఎక్కి, ఇంకో గీతలోకి దిగుతుంది. బండ మీద ఇలా ఆడితే ఎదుటివాడు ఊరుకుంటాడా? పోనీ దూరాన్ని రెట్టింపు చేసి లెక్కేద్దామా అంటే చుక్కల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండదు. అప్పుడు దూకాల్సిన చోట కూడా పులి దూకదు.

పరిష్కారం: బొమ్మను పక్కనపెట్టి గీతల జాబితా రాయండి. కొన నుంచి దిగే గీతలు 4, ఒక్కోదాంట్లో 5 చుక్కలు. అడ్డగీతలు 3, ఒక్కోదాంట్లో 6. అడుగు గీతలో 4. రెండు పక్కల నిలువు గీతల్లో మూడేసి. ఒక్కో గీతలో వరుసగా వచ్చే మూడు చుక్కలే ఒక దూకుడు. 12+12+2+2, మొత్తం 28 (అటునుంచి దూకినా ఇటునుంచి దూకినా ఒకటిగానే లెక్క). మీ ప్రోగ్రామ్ వేరే అంకె చూపిస్తే ముందు జాబితా సరిచూసుకోండి, మిగతాది తర్వాత.

మేకలు ఎంతకీ అయిపోవు

బోర్డు మీదున్న మేకల్ని లెక్కపెట్టి, 15 కన్నా తక్కువుంటే ఇంకోటి దించమంటోంది కోడ్. పులి తిన్నప్పుడల్లా కొత్త మేక పుట్టుకొస్తోందన్నమాట! చేతిలో మిగిలినవి, పులి తిన్నవి వేర్వేరుగా లెక్కపెట్టండి. చేతిలోవి సున్నా అయ్యాకే మేకలు జరగాలి.

పులులు కట్టుబడకుండానే మేకలు గెలిచాయంటోంది

అడుగులు మాత్రమే చూసి దూకుళ్లు వదిలేశారు, లేదా ఒక్క పులినే చూశారు. మూడింటికీ రెండూ లేనప్పుడే మేకల గెలుపు. ఎన్ని మేకలు తింటే పులి గెలిచినట్టన్నది ఊరికో మాట. ఆ అంకెను సెట్టింగ్‌లో పెట్టేయండి, తగువుండదు.

కంప్యూటర్‌తో పులిని ఆడించడం ఇప్పుడే వద్దు. ముందు ఇద్దరు మనుషులు తప్పు లేకుండా ఆడగలగాలి.

వేలు ఒకచోట, మేక ఇంకోచోట

ఫోన్లో వేలికి దగ్గరున్న చుక్కను ఎంచుకోమనండి, దూరానికి హద్దు కూడా పెట్టండి. లేకపోతే అరచెయ్యి తగిలినా మేక కదులుతుంది. కొన దగ్గర మరీ ఇరుకు. అక్కడి చుక్కల్ని కాస్త ఎడంగా గీయండి. గీతల జాబితా విడిగా ఉంది గనక బొమ్మ ఎంత సాగినా నియమాలకేమీ కాదు.