డ్రైవర్ లేని కారు ముందు రోడ్డు దాటాలంటే

విజయవాడలో 26 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాను. బెంజి సర్కిల్ దగ్గర జనం ఎలా దాటేవాళ్లో తెలుసు కదా: చెయ్యెత్తడం, నా మొహంలోకి ఒక చూపు చూడడం, దూకడం. శాన్‌ఫ్రాన్సిస్కోలో మావాడింటికి వచ్చాక ఆ విద్య పారలేదు. తెల్ల జాగ్వార్ కారు వస్తోంది, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది, సీటు ఖాళీ. ఇంక ఎవరి మొహం చూడాలి?

నాలాగా పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్ల కోసం ఇది రాస్తున్నా. వీటిని వేమో కార్లంటారు, డ్రైవర్ లేని టాక్సీలన్నమాట. 2024 జూన్ నుంచి ఈ ఊళ్లో ఎవరైనా ఎక్కొచ్చు. ఒక్కో జాగ్వార్‌కి 29 కెమెరాలు, నడినెత్తిన డోమ్ అనే గుండ్రటి బుడిపె. మనం కనబడతామో లేదో అని టెన్షన్ పడేకన్నా, మనమేం చేయబోతున్నామో దానికి తెలిసేలా నిలబడాలి.

అంటే కాళ్లతో చెప్పాలి. దాటాలంటే రోడ్డు మూలన, ఫుట్‌పాత్ అంచున, రోడ్డుకి ఎదురుగా నిలబడండి. దాటే పని లేకపోతే రెండడుగులు వెనక్కి జరగండి. మొదటి వారం నేను ఇర్వింగ్ స్ట్రీట్ మూలన ఒక కాలు రోడ్డు మీద పెట్టి మా ఆవిడతో ఫోన్ మాట్లాడుతున్నా. కారొచ్చి ఆగింది. "పో, పో" అని చెయ్యి ఊపాను. కదల్లేదు. వెనక వ్యానువాడు ఒకటే హారన్. నేను కాలు తీసి గోడవైపు తిరిగాకే వెళ్లింది. తప్పు నాదే. బస్సులో ఉంటే నేనూ ఆ కాలు చూసే బ్రేకు వేసేవాణ్ణి.

మరి అది ఆగిందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు చక్రం చూడండి. అది తిరుగుతున్నంతసేపూ అడుగెయ్యొద్దు. డోమ్ మీద తెలుపు, బూడిదరంగు పట్టీలు అటూఇటూ కదిలితే మనకి దారిస్తున్నట్టు. వెనక బళ్లకేమో పసుపు మనిషి బొమ్మ చూపిస్తుంది. ఎండపూట ఆ పట్టీలు నా కంటికి ఆనవు, అందుకే నాకు చక్రమే గురి. డోమ్ మీద ఇంగ్లీషు అక్షరాలుంటే అవి ఎక్కేవాళ్ల పేరులోవి, మనకి సంబంధం లేదు.

అసలు భయం పక్క లేన్‌తోనే. ఇది ఆగింది కదా అని గబగబా దాటకండి. ఆ కారు అంచుదాకా వెళ్లి ఆగి, మెడ సాచి చూడండి. పక్కనుంచి వచ్చే బండిలో మనిషే ఉండొచ్చు. అప్పుడు మన బెంజి సర్కిల్ పద్ధతే: చెయ్యెత్తండి, కళ్లలోకి చూడండి. ఒక్క తేడా, వాడు లైటు కొడితే మన దగ్గరలాగా "నేనొస్తున్నా, ఆగు" అని కాదు, "నువ్వెళ్లు" అని.