వరద ఫొటోలకు గోదారి లంకల్లోకి (నది మధ్య దీవుల్లోకి) వెళ్లే ముందు

ముందు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం కనుక్కోండి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది. రెండోది వస్తే లంకల మాట మానేసి పునరావాస కేంద్రానికి వెళ్లండి. పోర్ట్‌ఫోలియోకు పనికొచ్చే ముఖాలు అక్కడే దొరుకుతాయి.

పడవ ఎక్కేముందే లైఫ్ జాకెట్ వేసుకోవాలి. లెన్స్ మార్చే పని ఒడ్డునే కానివ్వండి. (నా లెన్స్ మూత గోదారి పాయ గౌతమిలో కలిసింది.)

బ్యాటరీలు, కార్డులు రెండేసి, జిప్ కవర్లో.

అన్నం పొట్లానికి చెయ్యి చాచిన మనిషిని అడక్కుండా తీయకండి. "బాబాయ్, ఒక ఫొటో తీసుకోనా?" అంటే చాలామంది కాదనరు. పేరు, ఊరు, తేదీ అక్కడికక్కడే రాసుకోండి. పని అడగడానికి వెళ్లినప్పుడు ఎడిటర్ ముందు చూసేది క్యాప్షనే.

వరద గోదారి ఎర్రగా ఉంటుంది. ఎడిటింగ్‌లో నీలం చేయకండి.