సైబర్ భద్రత మనంతట మనమే, 3వ పాఠం: వచ్చేవాడెవడు, ఎందుకొస్తాడు?

పోయిన పాఠంలో భీమవరం దగ్గర ఓ రొయ్యల మేత కొట్టు ఉందనుకుని, అందులో కాపాడుకోవాల్సినవి కాగితం మీద రాశాం కదా: రైతుల అప్పు ఖాతాలున్న కంప్యూటరు, యజమాని ఫోన్లో యూపీఐ, ఆయన సొంత చెరువు మీద ఏరేటర్లను (నీళ్ళలో గాలి కలిపే మెషీన్లను) ఫోన్ నుంచే ఆపే పెట్టె. ఆ కాగితం తీయండి. ఒక్కోదాని పక్కన రెండు గళ్ళు గీయండి: ఇది ఎవడికి కావాలి, ఎంత కష్టమైతే వదిలేసి పోతాడు. నా లెక్కలో రెండో గడే అసలు పాఠం.

డబ్బు కోసం వచ్చేవాడికి మీరెవరో అక్కర్లేదు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ఫైళ్ళకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగినప్పుడు అది ఆసుపత్రా కొట్టా అని చూడలేదు, మార్చిలో వచ్చిన విండోస్ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లలోకి దూరింది. అప్‌డేట్ వేసుకున్నవాళ్ళ జోలికి రాలేకపోయింది. (అది ఉత్తర కొరియా పనేనని అమెరికా, బ్రిటన్ అన్నాయి, కాబట్టి దొంగ వేరు, దేశం వేరు అని గట్టిగా గీత గీయకండి.)

సరదాకి ఎవడో రాసిన హ్యాకింగ్ టూల్ తెచ్చి తిప్పే కుర్రాళ్ళు మామిడిచెట్టు మీద రాళ్ళేసే రకం, నాలుగు రాళ్ళు తగలకపోతే పక్క తోటకి పోతారు. ఏదో ఉద్యమం పేరుతో వెబ్‌సైట్ల మీద నినాదాలు రాసేవాళ్ళకి మన మేత కొట్టుతో పనిలేదు.

పగ ఉన్నవాడు అలా పోడు. ఆస్ట్రేలియాలో మరూచీ అనే చోట మురుగునీటి పంపుల కంట్రోల్ వ్యవస్థ బిగించిన కంపెనీలో పనిచేసినవాడొకడు, తర్వాత అక్కడి కౌన్సిల్లో ఉద్యోగం అడిగితే ఇవ్వలేదని, 2000లో కారులో ల్యాప్‌టాప్, రేడియో పరికరం పెట్టుకుని తిరుగుతూ పదే పదే పంపులకు తప్పుడు ఆదేశాలు పంపాడు, దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, కాలువల్లోకి పోయింది. ముందు అందరూ మెషీన్ల లోపమే అనుకున్నారు. రూపాయి లాభం లేని పనికి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించండి. మన చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని, అప్పుడు ఏరేటర్లు ఆగితే రొయ్యలు తేలిపోతాయని బయటి దొంగకి తెలీదు, పనిచేసి వెళ్ళినవాడికి తెలుసు.

ఇప్పుడు గళ్ళు నింపండి. ఏరేటర్ పెట్టె వరసలో కనీసం ముగ్గురు రాకపోతే మళ్ళీ ఆలోచించండి. నేను మొదటిసారి రాసినప్పుడు మానేసిన గుమస్తా ఒక్కడే తట్టాడు, పెట్టె బిగించి పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళిన కుర్రాణ్ణి మర్చేపోయాను.