పులికాట్ సరస్సులో పడవ మీద పక్షులు చూపించే గైడుగా మారాలంటే ఎలా?

పడవలో పదిమంది ఉంటారు. దూరంగా నీళ్ల మీద లేత గులాబీ గీతలా ఫ్లెమింగోలు. "అన్నా, ఇంకొంచెం దగ్గరికి పోనీ" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాటకు మీరేం జవాబిస్తారన్నదే ఈ పనిలో అసలు పరీక్ష. మొదటి ఏడాది నేను నోరు మెదపలేకపోయాను. పడవ ముందుకు పోయింది, గుంపంతా ఒక్కసారిగా లేచింది, అందరూ ఫోన్లు పైకెత్తి కేరింతలు కొట్టారు. గడ వేస్తున్న పెద్దాయన మాత్రం "మేస్తా ఉండేవాటిని లేపేస్తిమే నాయనా" అన్నాడు. ఆ రోజు నుంచి నా లెక్క ఒక్కటే: మనం వెనక్కి తిరిగేసరికి కూడా పక్షి మేస్తూనే ఉండాలి.

ఈ పని మీద మనసున్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

మొదట ఒడ్డున నేర్చుకోండి

తిరుపతిలో ఉంటే ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలోని చెట్ల కింద పొద్దున్నే గంటసేపు నిలబడితే చాలు, కన్నూ చెవీ పదునెక్కుతాయి. 8, 42 అంకెలున్న బైనాక్యులర్ కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఇంతకంటే ఎక్కువ రెట్లు పెంచేది కొంటే కదిలే పడవలో బొమ్మ వణుకుతుంది. డబ్బు దండగ.

తర్వాత నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర, చెన్నై రహదారికి పక్కనే ఉంటుంది. శ్రీకాళహస్తి మీదుగా పోయేవాళ్లు తెల్లారకముందే బయలుదేరాలి. 1976లో రక్షిత కేంద్రమైన ఈ చెరువులో నీళ్లలో మునిగి నిలబడే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు). మంచె ఎక్కి ఒకే గూటిని రెండు గంటలు చూడండి. తల్లి ముక్కు సంచిలోకి పిల్ల తల దూర్చి చేపలు తినడం ఒకసారి కళ్లారా చూస్తే, దాన్ని చెప్పడానికి పుస్తకం తెరవనక్కర్లేదు. ఈ పక్షులొస్తే వానలు, పంటలు బాగుంటాయని ఊళ్లోవాళ్ల నమ్మకం. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని కూడా అంటారు. గూళ్లున్న చెట్ల జోలికి ఊరు పోకపోవడానికి అదే కారణం. పర్యాటకులకు ఈ సంగతి తప్పక చెప్పండి.

పడవవాళ్ల దగ్గర శిష్యరికం

తడ దగ్గరి భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి పడవలు పోతాయి. డబ్బు కోసం కాకుండా ఒక సీజన్ ఊరికే వాటిలో తిరగండి. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. పెద్దదే గానీ లోతు తక్కువ, చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ఎక్కడ బురద, ఎక్కడ రొయ్య, ఏ గాలికి నీళ్లు ఎటు జరుగుతాయో మత్స్యకారులకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడితే ఆటుపోటు నీళ్లు రావు, చేప తగ్గుతుంది. అది వాళ్ల బతుకు సమస్య, పక్షుల సమస్య కూడా. వాళ్లను పేరు పెట్టి కాకుండా అన్నా, మామా అని పిలవండి. కూలి బేరంలో వాళ్ల వాటా ముందే తేల్చండి.

ఇది పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి సూళ్లూరుపేటలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగంలో అడిగి, అనుమతి ఉన్న దారిలోనే తిప్పాలి.

పక్షి మెడ చూసి పడవ ఆపండి

హవాయిలో హంప్‌బ్యాక్ తిమింగలాలకు 100 గజాల లోపలికి పడవ పోకూడదని చట్టమే ఉంది. మనకు గజాల కంటే పక్షి మెడే మంచి కొలబద్ద. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోస్తూ, ముక్కు అంచుల జల్లెడతో చిన్న జీవుల్ని వడకట్టుకుంటుంది. తలలు నీళ్లలో ఉన్నంతసేపూ అవి నిశ్చింతగా ఉన్నట్టు. నాలుగైదు మెడలు నిటారుగా లేచాయంటే ఇంజన్ ఆపించండి. గుంపంతా ఒకే వైపు నడవడం మొదలుపెట్టిందంటే మీరప్పటికే ఆలస్యం చేశారు, వెనక్కి తీయించండి.

పడవవాళ్లకూ ప్రయాణికులకూ ఈ సంగతి బయలుదేరే ముందే, ఒడ్డునే చెప్పాలి. మధ్యలో చెబితే కోప్పడినట్టుంటుంది.

చూపించడంలో తిమింగలాలను చూపించే పడవల నుంచి నేను తీసుకున్న ఉపాయం గడియారం. పడవ ముక్కు పన్నెండు, కుడిచేయి మూడు, వెనక ఆరు. "రెండింటి వైపు, వెదురు గుంజ పక్కన" అంటే పదిమందీ ఒకేసారి చూస్తారు. "అదిగో, అక్కడ" అంటే పడవంతా ఒక పక్కకి ఒరుగుతుంది. లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లుంటే పడవ కదలనివ్వకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరి ఎందరిని మింగిందో మనమెవరం మరవలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం, వాతావరణ హెచ్చరిక ఉంటే ట్రిప్పు రద్దే.

పేర్లు వరసగా అప్పజెప్పకండి. ఒక పక్షి, ఒక సంగతి చాలు. గుంపులో బూడిదరంగు ఫ్లెమింగోని వెతకమని పిల్లలకు చెప్పండి. అది పిల్లపక్షి. తినే తిండిలోని రంగే ఏళ్లు గడిచేకొద్దీ దాని ఈకల్లోకి ఎక్కి గులాబీ అవుతుందని చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి!

సంపాదన మాట. పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకానే నిండుగా ఉంటాయి. జనవరి ప్రాంతంలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో జనం విరగబడతారు, మిగతా వారాలు పలచగా ఉంటాయి. వేసవికి మరో పని చూసుకోండి.

సాయంత్రం బస్సెక్కే ముందు ఆ రోజు చూసినవి లెక్కతో సహా ఈబర్డ్‌లో (పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు రాసుకునే వెబ్‌సైట్) ఎక్కించండి. ఫ్లెమింగోలు కనిపించని రోజు కూడా ఎక్కించండి, నీళ్లెంత ఉన్నాయో పక్కన రాయండి. మరుసటి ఏడాది ఏ వారంలో ఎటువైపు పడవ తిప్పాలో ఆ రాతలే చెబుతాయి.