పాత వనెత్, కువైట్ ఎండ: కొత్తగా వచ్చిన డ్రైవర్లకు ఏసీ సంగతులు

ఇక్కడ పికప్‌ని వనెత్ అంటారు. మనవాళ్లలో చాలామందికి చేతికొచ్చే మొదటి బండి అదే. అది కొత్తదేమీ కాదు, మీటరు మూడు లక్షలు దాటిన హైలక్సో నిస్సానో. తాళాలిస్తూ కఫీల్, అంటే మన వీసా యజమాని, "మకైఫ్ బాగుంది" అంటాడు. మకైఫ్ అంటే ఏసీ. ఫిబ్రవరిలో దిగితే ఆ మాట నిజమేననిపిస్తుంది. అసలు సంగతి మే నెలలో బయటపడుతుంది.

ఈ దేశంలోనే మిత్రిబా అనేచోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. రాయచోటి ఎండల్లో పెరిగినవాణ్ణి, నాకేంటని ధీమాగా వచ్చాను. మొదటి ఎండాకాలంలోనే మూడుసార్లు గ్యాస్ వేయించాను, మూడుసార్లూ నా జేబులోంచే. వేయించిన ప్రతిసారీ ఎనిమిది పది రోజులు చల్లగా ఉండేది, తర్వాత మళ్లీ వేడిగాలే. మూడోసారి రాజంపేట అన్న ఒకాయన బానెట్ ఎత్తించి చూశాడు. గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌కి వెళ్లే లావు పైపు జాయింటు దగ్గర వేలు పెట్టి, అక్కడ అంటిన నల్లటి జిడ్డు మన్ను నా అరచేతికి రాశాడు. "ఇది ఇంజన్ ఆయిల్ కాదబ్బీ, ఏసీ ఆయిల్. గ్యాస్ ఎక్కణ్ణుంచి పోతాందో ఇదే చెప్తాంది" అన్నాడు.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. పాత బండిలో రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తగ్గడం మామూలే, కానీ పది రోజుల్లో ఖాళీ అయిందంటే ఎక్కడో లీకుంది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట జిడ్డు బయటికొస్తుంది, దాని మీద ఇక్కడి దుమ్ము పేరుకుంటుంది. గ్యారేజీకి వెళ్లేముందే టార్చి వేసి అన్ని జాయింట్లూ, కంప్రెసర్ ముందు మూతి, ముందు జాలీ వెనక, గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మూలలూ చూడండి. గ్యాస్ ఎక్కించే చోట ఉండే ప్లాస్టిక్ మూతల కింద సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. సైకిల్ ట్యూబులో ఉండేలాంటి చిన్న వాల్వు అక్కడుంటుంది. ఎన్నోసార్లు దొంగ అదే. లీకును ఇక్కడ తహ్రీబ్ అంటారు.

గ్యాస్ మాట ఎత్తేముందు మన చేతుల్లో ఉన్న పరీక్షలు ఇంకొన్ని ఉన్నాయి. ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బ్లోయరు ఫుల్లు పెట్టి కంప్రెసర్ ముందుభాగం చూడండి. బెల్టు తిప్పే పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. పుల్లీ ముందున్న ప్లేటు టక్కుమని అతుక్కుని దానితోపాటు తిరగాలి. అసలు అతుక్కోకపోతే ఫ్యూజు, రిలే, వైరు, క్లచ్ కాయిల్ చూడాలి. గ్యాస్ మరీ తక్కువైనా ప్రెషర్ స్విచ్ దాన్ని అతుక్కోనివ్వదు. రెండు మూడు సెకన్లకోసారి టక్ టక్ మంటూ పట్టి వదులుతుంటే గ్యాస్ తగ్గిందనే అనుమానం.

ఐదో రింగ్ రోడ్డు మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందా? అప్పుడు గ్యాస్ కంటే ముందు గాలిని అనుమానించండి. బండి కదులుతుంటే ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యానుదే. ఎలక్ట్రిక్ ఫ్యాను తిరగడం లేదా? ఇంజన్ ఫ్యాను క్లచ్ అరిగి గాలి లాగడం లేదా? రెండూ బాగుంటే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్యలో చూడండి. అక్కడ ఇసుక, పురుగులు, ప్లాస్టిక్ సంచి ముక్కలు గోడ కట్టి ఉంటాయి. ఇంజన్ చల్లారాక మామూలు నీళ్ల పైపుతో లోపలివైపు నుంచి బయటికి కొట్టండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, ఉన్న గాలీ ఆగిపోతుంది. మా రూములో ఒకతను ఇలా కడుక్కునే ఎండాకాలమంతా గడిపేశాడు, ఒక్క దినారూ ఖర్చు లేకుండా.

గాలి చల్లగా ఉంది కానీ సన్నగా వస్తోందంటే లోపలి కూలింగ్ కాయిల్ దుమ్ముతో మూసుకుపోయి ఉండాలి. దాన్ని ఇక్కడి మెకానిక్‌లు థలాజా అంటారు, అంటే ఫ్రిజ్. పాత పికప్‌లు చాలావాటికి క్యాబిన్ ఫిల్టరే ఉండదు, దుమ్ము నేరుగా దాని మీదే పడుతుంది. బ్లోయరు ఒక్క ఫుల్లు మీద తప్ప మిగతా స్పీడుల్లో తిరగకపోతే రెసిస్టర్ కాలిపోయింది, అది చవక పార్టు. ఇంకొకటి చాలామందికి తట్టదు. హీటరు వాల్వు సరిగ్గా మూసుకోక వేడినీళ్లు లోపలికి తిరుగుతుంటే, ఏసీ ఎంత చల్లబరిచినా హీటరు దాన్ని మళ్లీ వేడి చేస్తుంటుంది.

గ్యారేజీలంటే షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియా. పాత పార్టులకు స్క్రాప్, అంటే పాత బండ్లు విప్పి పార్టులు అమ్మే చోటు. హిందీ వస్తే చాలావరకు పని జరిగిపోతుంది, అరబ్బుల దగ్గర "మకైఫ్ మా యిబర్రద్" అంటే చాలు, ఏసీ చల్లబడటం లేదని అర్థం. పార్టు అడిగేటప్పుడు వకాలా అంటే కంపెనీది, తిజారీ అంటే బయటి రకం. స్క్రాప్ కంప్రెసర్ కొనవచ్చు, కానీ చేత్తో క్లచ్ ప్లేటు తిప్పి చూసి, గొట్టం పోర్టులో తెల్లగుడ్డ పెట్టి తుడవండి. నల్లటి రజనో మెరిసే ఇనుప పొడో అంటితే ఎంత చవకైనా వద్దు. ఆ పొడి మీ బండి గొట్టాలన్నింటిలోకీ ఎక్కుతుంది. మీ పాత కంప్రెసర్ అలా పొడి రాల్చి పోయినా అంతే: కండెన్సర్, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చకుండా కొత్తది బిగిస్తే అది కూడా తొందరగానే పోతుంది.

మెకానిక్ గ్యాస్ ఒత్తిడి చూసే గేజీలు బిగించినప్పుడు పక్కనే నిలబడండి. నీలం గేజీ తక్కువ ఒత్తిడి వైపుది, ఎరుపు ఎక్కువ ఒత్తిడి వైపుది. నీలం, ఎరుపు రెండూ తక్కువ చూపిస్తే గ్యాస్ తక్కువ. రెండూ బాగా ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ పోశారు, లేదా కండెన్సర్‌కి గాలి ఆడటం లేదు. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ అయితే కంప్రెసర్ అరిగింది. ఇంజన్ ఆపి ఉన్నప్పటి రీడింగు చూసి "గ్యాస్ ఫుల్లుంది" అంటే నమ్మొద్దు. 40 డిగ్రీల ఎండలో బండ్ల ఏసీల్లో వేసే 134ఏ గ్యాస్ కొంచెమున్నా 130 పీఎస్ఐ దగ్గర చూపిస్తుంది, ఎంత ఉందో మాత్రం చెప్పదు.

లీకు సరిచేశాక వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. ఆ తర్వాత పంపు ఆపి పావుగంట ముల్లు కదలకుండా ఉండాలి. తొందరున్న మెకానిక్ ఇక్కడే ఎగ్గొడతాడు. లోపల తేమ మిగిలితే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కడుతుంది. బండి ఇరవై నిమిషాలు చల్లగా నడిచి వేడెక్కుతుంది, కాసేపు ఆపితే మళ్లీ బాగవుతుంది. గ్యాస్ ఎంత వేయాలో బానెట్ కింద స్టిక్కరు మీద గ్రాముల్లో ఉంటుంది, కాటా పెట్టి వేయమనండి. ఎక్కువ వేస్తే ఎక్కువ చల్లదనం రాదు.

గొట్టం మీరే విప్పొద్దు. ఆ గ్యాస్ ద్రవంగా చర్మం మీదో కంట్లోనో పడితే గడ్డకట్టించి కాలుస్తుంది.

జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఎండలో బయటి పనులు నిషేధం, కానీ డెలివరీ ఆగదు. ఆ వేళలో ఏసీ పూర్తిగా పోతే బండి నీడకు పెట్టి కఫీల్‌కి ఫోన్ చేయండి. తల తిరిగినా, మాట తడబడినా ఎమర్జెన్సీ నంబరు 112కి ఫోన్ చేయండి.

డబ్బు సంగతి. పని మొదలెట్టక ముందే లీకున్న చోటు ఫొటో తీసి కఫీల్‌కి వాట్సాప్‌లో పంపి సరే అనిపించుకోండి. ఫాతూరా, అంటే బిల్లు, రాయించుకోండి. తీసేసిన పార్టు సంచిలో వేయించుకుని తెచ్చుకోండి. మా కఫీల్ ఆ పాత పైపును దివానియా, అంటే అతిథులు కూర్చునే గది, మెట్ల మీద పెట్టించి, జిడ్డును తానూ వేలితో తడిమి చూసి, పైపు డబ్బులతోపాటు మూడోసారి గ్యాస్‌కి నేను పెట్టింది కూడా ఇచ్చాడు. మొదటి రెండుసార్లవి ఇవ్వలేదు. వాటికి నా దగ్గర బిల్లు లేదు.