ఎండాకాలంలో ఆల్క్యూ3 చేసే ముందు

అనంతపురంలో ఏప్రిల్, మే ప్రాజెక్టుకు ఆల్క్యూ3 అనే ఓఎల్ఈడీ (కరెంటిస్తే వెలిగే తెరల) పదార్థం తయారుచేసే ఎమ్మెస్సీ వాళ్ల కోసం. గాగుల్స్ సంగతి మళ్లీ చెప్పను.

కండెన్సర్ నీళ్లు: రిఫ్లక్స్ (మరిగిస్తూ ఆవిరిని చల్లార్చి వెనక్కి దింపడం) మధ్యలో ఆగితే ఇథనాల్ ఆవిరి బయటికొచ్చి అంటుకోవచ్చు. ట్యాంకును నమ్మొద్దు, బకెట్‌లో ఐసునీళ్లు, చిన్న పంపు పెట్టుకోండి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, ఫ్లాస్కును వేడిచేసే మాంటిల్ మాత్రం వేడిగానే ఉంటుంది. వెంటనే దాన్ని కిందికి దించేయండి.

డైక్లోరోమీథేన్ (ద్రావణి) సీసా: 39.6 డిగ్రీలకే మరుగుతుంది. మన మధ్యాహ్నాలు అంతకంటే వేడి! చల్లబరచకుండా మూత తిప్పితే మొహం మీదికి చిమ్ముతుంది.

క్షారం చుక్కచుక్కగానే కలపండి. తొందరపడితే ఆల్క్యూ3తో పాటు అల్యూమినియం హైడ్రాక్సైడ్ కూడా అవక్షేపంగా దిగుతుంది.

365 నానోమీటర్ల యూవీ లైటు కింద ఆకుపచ్చగా మెరిసిందని సంబరపడొద్దు, మలినాలున్నా మెరుస్తుంది. సబ్లిమేషన్ (వాక్యూమ్‌లో వేడిచేసి ఆవిరిగా మార్చి శుద్ధి చేయడం) తప్పదు.

సబ్లిమేషన్ పరికరం చల్లారాక దాంట్లోకి గాలి వదిలి, అప్పుడే వాక్యూమ్ పంపు ఆపండి. లేదంటే పంపులోని ఆయిల్ పరికరంలోకి వెనక్కెక్కుతుంది.