గాలిలో లేజర్ ఫిలమెంట్‌ను కోరుకున్న చోట మొదలుపెట్టడం ఎలా

ఫెమ్టోసెకండ్ (10⁻¹⁵ సెకను) లేజర్ పల్స్ గాలిలో సాగేటప్పుడు, పుంజం నడిమధ్యన తీవ్రత ఎక్కువ కాబట్టి అక్కడి వక్రీభవన గుణకం కొద్దిగా పెరిగి, గాలే కటకంలా మారి పుంజాన్ని లోపలికి ముడుస్తుంది. తీవ్రత చదరపు సెంటీమీటరుకు సుమారు 5×10¹³ వాట్లకు చేరేసరికి గాలి అయనీకరణం చెందుతుంది. అలా పుట్టిన ప్లాస్మా పుంజాన్ని తిరిగి విప్పుతుంది. ఈ ముడుపు, విప్పుల మధ్య నిలిచే సుమారు 100 మైక్రాన్ల మందం గల వెలుగు దారమే ఫిలమెంట్. 1995లో మిషిగాన్ విశ్వవిద్యాలయంలో ఇది 20 మీటర్ల వరకు సాగడం గమనించారు.

ఫిలమెంట్ రాకపోతే వెంటనే శక్తిని పెంచడం చాలామంది చేసే పని. నా దృష్టిలో అది చివర చేయవలసిన పని. తీవ్రత ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది కాబట్టి అదనంగా పోసిన శక్తి ఫిలమెంట్‌ను మరింత తీవ్రం చేయదు. దాన్ని పొడిగిస్తుంది, లేదా పలు పాయలుగా చీలుస్తుంది. ముందుగా లెక్క చూసుకోవాలి. 800 నానోమీటర్ల దగ్గర గాలికి సందిగ్ధ సామర్థ్యం, అంటే పుంజం తనంతట తానే ముడుచుకోవడానికి కావలసిన కనీస సామర్థ్యం, పొడవైన పల్స్‌కు సుమారు 3 గిగావాట్లు. 40 ఫెమ్టోసెకండ్ల పల్స్ గడిచేలోగా అణువులు పూర్తిగా తిరిగే వ్యవధి ఉండదు కాబట్టి అది 10 గిగావాట్ల దాకా పెరుగుతుంది. 40 ఫెమ్టోసెకండ్లలో 2 మిల్లీజౌళ్లంటే దాదాపు 50 గిగావాట్లు, అంటే సందిగ్ధ సామర్థ్యానికి 5 రెట్లు. ఒకే ఫిలమెంట్ కావాలనుకుంటే ఇలా కొద్ది రెట్లలోనే ఉండడం మంచిది.

ఇక స్థానం. 3 మిల్లీమీటర్ల వ్యాసార్థం గల పుంజానికి రేలీ దూరం (పుంజం పెద్దగా విప్పారకుండా సాగే దూరం) సుమారు 35 మీటర్లు. 5 రెట్ల సామర్థ్యంతో మార్బర్గర్ సూత్రం (పుంజం తనంతట తానే ముడుచుకునే దూరాన్ని లెక్కించేది) ప్రకారం అది కటకం లేకుండానే 9.4 మీటర్ల దగ్గర ముడుచుకుంటుంది. దానికి 2 మీటర్ల నాభ్యంతరం గల కటకం తోడైతే, 1/9.4ను 1/2కు కలిపి తలకిందులు చేసినప్పుడు కటకం నుంచి 1.65 మీటర్లు వస్తుంది. అంటే ఫిలమెంట్ నాభికి 35 సెంటీమీటర్ల ముందే మొదలవుతుంది. పొట్టి నాభ్యంతరం స్థానాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది కానీ ఫిలమెంట్ పొట్టిదవుతుంది. పొడవు కావాలంటే నాభ్యంతరం పెంచాలి, లేదా టెలిస్కోప్ అమర్చి అందులోని కటకాల మధ్య దూరాన్ని సవరించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పుంజం ఆకారానికే ఇవ్వండి. కటకం రెండు డిగ్రీలు ఒరిగినా అబిందుకత చేరుతుంది. ఒరుపు పెరిగేకొద్దీ గుండ్రని మచ్చ కోడిగుడ్డులా సాగి, చివరకు ఫిలమెంట్ రెండుగా విడిపోవచ్చు. అందుకే కటకం నుంచి వెనక్కి వచ్చే ప్రతిబింబాన్ని వచ్చిన దారినే తిప్పి పంపి నిటారుగా అమర్చాలి. అద్దం మీది దుమ్ముచుక్క వల్ల ఏర్పడిన తీవ్రబిందువు కూడా ఒక పాయకు విత్తనమవుతుంది. దీన్నే అనుకూలంగా మలచుకోవచ్చు: కావాలనే ఒరిపించినా, ఐరిస్‌తో (రంధ్రాన్ని సవరించుకోగల తెరతో) పుంజం అంచును కత్తిరించినా పాయలు ప్రతి పల్స్‌లోనూ ఒకే చోట పడతాయి. క్వార్టర్ వేవ్ ప్లేట్‌తో ధ్రువణాన్ని వృత్తాకారం చేస్తే సందిగ్ధ సామర్థ్యం సుమారు ఒకటిన్నర రెట్లు పెరిగి, పాయల సంఖ్య తగ్గుతుంది.

చిర్ప్ గురించి, అంటే పల్స్‌లోని రంగులు ఒకదాని వెనక ఒకటి జారి పల్స్ సాగిపోవడం గురించి ఒక మాట. మీటరు గాలి దాదాపు 20 చదరపు ఫెమ్టోసెకండ్ల విక్షేపణమే చేరుస్తుంది, కానీ 5 మిల్లీమీటర్ల మందం గల ఫ్యూజ్డ్ సిలికా కటకం ఒక్కటే సుమారు 180 చేరుస్తుంది. అంటే 9 మీటర్ల గాలితో సమానం. కంప్రెసర్‌లో (లేజర్‌లో పల్స్‌ను కుదించే భాగంలో) అంత మేరకు ఋణ చిర్ప్, అంటే దానికి వ్యతిరేక దిశలో చిర్ప్, ఇవ్వండి. వీలైతే కటకం బదులు వక్ర దర్పణం వాడండి.

వెలిగించే ముందు కళ్లద్దాల సంగతి తప్పక చూడండి. ఫిలమెంట్ 800 నానోమీటర్ల పల్స్‌ను కనిపించే కాంతి అంతటా పరుస్తుంది కాబట్టి ఆ ఒక్క తరంగదైర్ఘ్యానికే రక్షణనిచ్చే కళ్లద్దాలు చాలవు. పుంజం చివర మూసిన దిమ్మ ఉండాలి. దూరాన తెల్ల అట్ట పెడితే నడిమధ్య తెల్లని చుక్క, చుట్టూ రంగుల వలయాలు, అన్నిటికన్నా బయట నీలం కనిపిస్తాయి. ఆ చుక్క ఒకటేనా, రెండా అన్నది ముందుగా చూడవలసింది. తరువాత పక్కనుంచి 337 నానోమీటర్ల నైట్రోజన్ వెలుగును కెమెరాతో తీయండి, లేదా ఫిలమెంట్ చేసే సన్నని చిటపటను పట్టాల మీద కదిలే మైక్రోఫోన్‌తో కొలవండి. పల్స్ శక్తి ఊగిసలాడుతుంది కాబట్టి కొన్ని వందల పల్స్‌ల సగటు తీసుకోవాలి. సంకేతం 1.65 మీటర్లకు చాలా ముందే మొదలైతే శక్తి నాబ్‌ను ముట్టుకోకండి. మళ్లీ పుంజం దారిలోని అద్దాల శుభ్రత, కటకం ఒరుపు దగ్గరికే వెళ్లండి.